లైకులు వేలల్లో, చందాలు వందల్లో

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు ముందేసుకుని కూర్చుంటే అన్నిటిదీ ఒకటే గోల. ఆశ్రమం నడుపుతున్నాం, బడి నడుపుతున్నాం, ఫేస్‌బుక్ పేజీ ఉంది, ఇన్‌స్టా ఉంది, జనం చూస్తున్నారు, మెచ్చుకుంటున్నారు, కానీ ఒక్కసారిగా లక్ష రూపాయలిచ్చే మనిషి మాత్రం తగలట్లేదు, అలాంటివాళ్లని ఆన్‌లైన్‌లో ఎలా పట్టుకోవాలి అని. ఇరవై ఏళ్లకు పైగా సేవాసంస్థలకు నిధులు కూడగట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి తెలిసినంత చెబుతాను. కొన్ని జవాబులు కొందరికి రుచించకపోవచ్చు.

ప్రశ్న: మేడమ్ గారూ, తెనాలి దగ్గర ఒక పల్లెలో 32 మంది పెద్దవాళ్లతో వృద్ధాశ్రమం నడుపుతున్నాం. ఫేస్‌బుక్ పేజీకి 11 వేల మంది ఫాలోవర్లు. పోస్టు పెడితే ఎనిమిది వందల లైకులు, "మీ సేవకు పాదాభివందనం" అని కామెంట్లు. రెండేళ్లలో వచ్చిన పెద్ద మొత్తం మాత్రం 5,000, అదీ ఒకరి పుట్టినరోజు భోజనాలకి. నెలకు 15 వేలిస్తే పోస్టులు బూస్ట్ చేసి పెద్ద దాతల్ని తెప్పిస్తానని ఒక కుర్రాడు అంటున్నాడు. ఇవ్వమంటారా? (ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా)

జవాబు: ఇవ్వకండి. ఆ కుర్రాడు మోసగాడని నేననను, చెప్పిన పని చేస్తాడు, మీ పోస్టు ఇంకో లక్ష ఫోన్లలో కనిపిస్తుంది, అందులో కొన్ని వేల మంది దండం బొమ్మ పెట్టి ముందుకెళ్లిపోతారు. మీకు కావాల్సింది పదిమంది. ఆ పదిమంది బూస్ట్ చేస్తే వచ్చే బాపతు కాదు.

వైరల్ అయితే డబ్బు రాదా అంటే వస్తుంది. 2014లో అమెరికాలో నెత్తిన ఐసు నీళ్లు కుమ్మరించుకునే ఛాలెంజ్ నడిచింది గుర్తుందా, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం, ఆ ఒక్క వేసవిలో అక్కడి ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. అదే ఏడాది మన హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి, నీళ్లెందుకు పారబోయడం, ఓ బకెట్ బియ్యం లేనివాళ్లకిచ్చి ఫొటో పెట్టండి అంటే అదీ దేశదేశాలు తిరిగింది. నాకైతే ఆ బియ్యం బకెట్టే ఎక్కువ నచ్చింది. కానీ రెండూ చిన్న చేతులు బోలెడన్ని కలిసిన కథలు, పైగా అలాంటి అల మనం రమ్మంటే వచ్చేది కాదు, దాన్ని నమ్ముకుని నెలనెలా కిరాణా కొట్టువాడికి బాకీ తీర్చలేం.

పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ల తీరు వేరు. రీల్ చూసి కళ్లు తుడుచుకుని ఆ రాత్రికి రాత్రే లక్ష పంపేవాళ్లు నా అనుభవంలో ఒక్కరూ లేరు. ముందు ఎవరో తెలిసినవాళ్లు చెప్పాలి, లేదా తనే అప్పటికే వెయ్యో రెండు వేలో ఇచ్చి ఉండాలి. ఆ తర్వాత మీ పేజీ తెరుస్తాడు. ఎందుకంటే అనుమానం తీర్చుకోవడానికి. మీ పేజీ ఇంటి ముందు అరుగులాంటిది, దాన్ని చూసి ఎవరూ ఇల్లు కొనరు గానీ అరుగు మీద చెత్త ఉంటే లోపలికి రారు. ఆయన చూసేవి కూడా లైకులు కావు: చివరి పోస్టు ఎప్పటిది, చిరునామా ఉందా, ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తుతున్నారా, పోయినేడు ఫొటోలో ఉన్న ముసలాయన ఈ ఏడు ఫొటోలోనూ ఉన్నాడా, ఆడిట్ చేసిన లెక్కలు ఎక్కడైనా పెట్టారా. మీ పేజీ నేను చూశాను. పోయిన నెలలో 41 పోస్టులున్నాయి, అందులో 26 పండగ శుభాకాంక్షలు, సూక్తులు. లెక్కల కాగితం ఒక్కటీ లేదు.

సరే, ఆ పదిమంది ఎక్కడున్నారు? మీ బీరువాలో. నిజంగానే. అయిదేళ్ల రసీదు పుస్తకాలు దించండి, ఒక పొడుగు నోట్‌బుక్కులో పేర్లు రాసుకుంటూ ఎవరు ఎన్నిసార్లు ఇచ్చారో ఎదురుగా గీతలు పెట్టండి. ఎంత ఇచ్చారన్నది తర్వాత చూద్దాం, ముందు ఎన్నిసార్లన్నదే చూడండి. నాలుగు గీతలు, అయిదు గీతలు పడ్డ పేర్లు ఓ ముప్పై తేలతాయి. ఇప్పుడు తెరవండి మీ ఫేస్‌బుక్కు, లింక్డ్‌ఇన్ను. ఒక్కో పేరూ కొట్టి, ఆయన ఏం చేస్తున్నాడు, ఎక్కడుంటున్నాడు, ఇంకేదైనా సంస్థలో ట్రస్టీగా ఉన్నాడా, మీకు ఆయనకు తెలిసినవాళ్లెవరైనా ఉమ్మడిగా ఉన్నారా చూడండి. దాతను వెతకడానికి సోషల్ మీడియా నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది, దెబ్బ తిని తెలిసింది. నేను పనిచేసిన ఒక ఆశ్రమానికి ఒకాయన ఏటా మాఘమాసంలో వాళ్ల నాన్నగారి తద్దినం రోజున 1,116 రూపాయలు పంపేవాడు, మొదట్లో మనియార్డరు, తర్వాత ఫోన్‌పే. తొమ్మిదేళ్లు. మేమూ తొమ్మిదేళ్లూ అదే అచ్చు రసీదు పంపాం, తేదీ తప్ప ఒక్క అక్షరం మార్చకుండా. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక ఆయన పేరు లింక్డ్‌ఇన్‌లో కొట్టి చూస్తే మందుల కంపెనీలో భాగస్వామి, సొంతూళ్లో బడికి ట్రస్టీ. నాకు సిగ్గేసింది. ఫోన్ చేసి డబ్బు ఊసెత్తకుండా, "మీ నాన్నగారి పేరున ఇన్నేళ్లుగా అన్నం పెడుతున్నాం, ఆయనెవరో మాకు తెలీదు, నాలుగు ముక్కలు చెబితే ఈసారి భోజనాల దగ్గర అందరికీ చెబుతాం" అన్నాను. నలభై నిమిషాలు మాట్లాడాడు. నాన్నగారు పంచాయతీ గుమస్తా అట, జీతం రాగానే ముందు సైకిల్‌కి గాలి కొట్టించుకునేవారట, ఇవన్నీ చెప్పాడు. ఆ ఏడు తనే వచ్చాడు, పంక్తిలో కూర్చుని తిన్నాడు, మా వాళ్లలో ఒకావిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం చూశాడు. ఆర్నెల్లకు కింద రెండు గదులు, మెట్ల పక్కన ర్యాంపు, చేతికి ఆసరా కడ్డీలున్న బాత్రూములు వచ్చాయి. ఆరున్నర లక్షలైంది. అడిగింది మేం కాదు, ఆయనే "ఎంతవుతుంది" అన్నాడు.

ఇంకో మాట, మీ ప్రతి పోస్టు కిందా క్యూఆర్ కోడ్ అతికించారు, అది కొంచెం చూసుకోండి. ఎవరిచ్చారో పేరూ ఊరూ తెలియకుండా పడే డబ్బుని ఆదాయపు పన్నువాళ్లు అనామక విరాళం కింద లెక్కేస్తారు, ఒక హద్దు దాటితే దాని మీద 30 శాతం పన్ను పడుతుంది. పన్ను సంగతి మీ ఆడిటర్ చూసుకుంటాడనుకోండి, అంతకంటే నాకు బాధ కలిగించేది, ఆ డబ్బు పంపినవాడు మీ రసీదు పుస్తకంలోకి ఎక్కడు. నోట్‌బుక్కులో గీత పడదు. కోడ్ కింద "పంపాక ఈ నంబరుకి మీ పేరు, ఊరు, పాన్ వాట్సాప్ చేయండి, రసీదు పంపుతాం" అని ఒక్క లైను రాయండి.

ప్రశ్న: హాయ్ మేడమ్, హైదరాబాద్‌లో ఆడపిల్లల చదువు మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో నిధుల సేకరణ నాదే. లింక్డ్‌ఇన్‌లో పెద్ద కంపెనీల ఎండీలకి, సీఈఓలకి 60 మెసేజ్‌లు పెట్టాను. ఒక్కరూ రిప్లై ఇవ్వలేదు. టెన్షన్‌గా ఉంది, మా డైరెక్టర్ రోజూ అడుగుతున్నారు. ఏం తప్పు చేస్తున్నాను? (ఒక పాఠకురాలు, మెహదీపట్నం)

జవాబు: టెన్షన్ పడకమ్మా, 60కి సున్నా అనేది చాలా మామూలు లెక్క. నువ్వు పంపిన మెసేజ్ నాకు కాపీ పెట్టావు కదా, అందులో మొదటి అయిదు లైన్లు మీ సంస్థ ఎప్పుడు పుట్టింది, దాని ఆశయం ఏమిటి, ఆరో లైనులో "మీ ఉదార సహకారం". ఆ ఆరో లైను దాకా ఎవరూ రారు.

ముందు ఎవరికి రాయాలో మార్చుకో. లింక్డ్‌ఇన్‌లో మనకి తెలిసినవాళ్లు ఒకటో వరస, తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లు రెండో వరస. పని జరిగేది ఆ రెండో వరసలోనే. మీ బోర్డులో అయిదుగురున్నారన్నావు, ఒక్కొక్కరి పక్కన అరగంట కూర్చుని, వాళ్ల ఫోన్‌లోనే వాళ్ల కనెక్షన్లు చూసి, "ఈయన మీకు బాగా తెలుసా, ఊరికే కనెక్టయ్యారా" అని అడుగుతూ ఓ పాతిక పేర్లు రాసుకో. సగం "ఎవరో గుర్తులేదమ్మా" అంటారు, పర్లేదు. తర్వాత మీ బోర్డువాళ్లు చదివిన కాలేజీ పేజీ తెరిచి అలుమ్ని (పూర్వ విద్యార్థులు) అన్నచోట నొక్కు, ఎక్కడుంటున్నారు, ఏ కంపెనీ, ఏ పని అని వడపోసుకోవచ్చు, దీనికి పైసా కట్టక్కర్లేదు. ఒకే హాస్టల్లో తిన్నవాళ్ల మధ్య ఉండే చనువు మన దగ్గర దేనికీ రాదు, వాళ్ల మెస్ కబుర్లతో మొదలైన మాట ఎక్కడిదాకానైనా వెళ్తుంది.

రాసేటప్పుడు ఇలా రాసి చూడు: "నమస్తే సర్. కాలేజీలో మీకు రెండేళ్లు సీనియర్ అయిన ఫలానా గారు మా బోర్డులో ఉన్నారు, మీ పేరు ఆయనే చెప్పారు. మేం పాతబస్తీలో ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెబుతాం. ఈ శనివారం 5 గంటలకి భిన్నాల క్లాసు ఉంది. ఓ అరగంట వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే సంతోషం." అంతే. డబ్బు మాట లేదు, బ్రోచర్ లేదు. బెంచీలో కూర్చున్న మనిషితో మాట్లాడటం చాలా తేలిక.

కంపెనీ డబ్బు వేరే సంగతి, దాన్ని ఎండీ సొంత జేబుతో కలిపేయకు. నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, వీటిలో ఏ ఒక్కటి దాటినా 2013 కంపెనీల చట్టం ప్రకారం మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ కింద, అంటే కంపెనీ సామాజిక బాధ్యత కింద, ఖర్చు పెట్టాలి. ఆ ఫైలు నడిపేది సీఎస్ఆర్ మేనేజరు, అడిగేది కాగితాలు, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ లేని సంస్థకి వాళ్లు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు. మీకది ఉందో లేదో ముందు మీ డైరెక్టర్‌నే అడుగు. రోజూ నిన్ను అడుగుతున్నారుగా, ఒకరోజు నువ్వు అడుగు.

ప్రశ్న: నమస్తే అక్కా. మాది జగిత్యాల జిల్లా. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో ఊళ్లో లైబ్రరీ, చదువుకునే హాలు కడదామని అనుకున్నాం, దానికి ట్రస్టు కూడా రిజిస్టర్ చేసినం. డాలస్‌లో ఉన్న మా దోస్తు 10 లక్షలు ట్రస్టు ఖాతాలో వేస్తా అంటున్నడు, వానికి అక్కడి పౌరసత్వం వచ్చింది. న్యూజెర్సీలో ఇంకొకడున్నడు, గ్రీన్‌కార్డు. దుబాయ్‌లో నలుగురున్నరు. ఖాతా నంబర్ గ్రూప్‌లో పెట్టమంటవా? (ఒక పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, ఆగు. ఖాతా నంబర్ పెట్టకు. పెట్టేసి ఉంటే ఇప్పుడే తీసెయ్.

మీ బ్యాచ్ దోస్తులే అయినా చట్టం దృష్టిలో వీళ్లు రెండు జాతులు. విదేశాల్లో ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అంటే దుబాయ్‌లో ఉన్న నలుగురూ ఇవ్వొచ్చు, న్యూజెర్సీ గ్రీన్‌కార్డు అతనూ ఇవ్వొచ్చు, ఎందుకంటే గ్రీన్‌కార్డు ఉన్నా అతను ఇంకా మన పౌరుడే. పాస్‌పోర్టు కాపీ ఒకటి, నా సొంత డబ్బు అని సంతకం పెట్టిన కాగితం ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టు. డాలస్ అతను మాత్రం ఇవ్వకూడదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. ఇక్కడి బ్యాంకులో ఉన్న తన రూపాయల ఖాతాలోంచి వేసినా అంతే, డబ్బు ఏ కరెన్సీ అన్నది కాదు, ఇచ్చేది విదేశీ పౌరుడా కాదా అన్నదే లెక్క. మీ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా అది పుచ్చుకుంటే పుచ్చుకున్న మీ మీద కేసు.

ఆ అనుమతి మీకు వెంటనే రాదు కూడా. సంస్థకి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు సేవాపనుల మీద ఖర్చు చేసి ఉండాలి, వచ్చాక కూడా విదేశీ డబ్బు మొదట పడాల్సింది ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. కొత్త సంస్థలకి ఇంకో దారుంది, ఫలానా దాత ఫలానా పనికి ఇంత ఇస్తున్నాడని చూపించి ఆ ఒక్కదానికి ముందస్తు అనుమతి అడగటం. మీ డాలస్ దోస్తుకి నిజంగా పట్టుదల ఉంటే ఆడిటర్‌ని కూర్చోబెట్టుకుని దానికి అప్లై చేయండి. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న ఇంకో సంస్థ ద్వారా తిప్పుదాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకు, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి మార్చడం కుదరదు. ఆ సంస్థే మీ ఊరికి వచ్చి తన చేతులతో హాలు కడతానంటే అది వేరు.

అమెరికాలో మనవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంకోటి అడగొచ్చు. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంతకి సమానంగా తామూ కలుపుతాయి, మైక్రోసాఫ్ట్ అయితే ఒక ఉద్యోగికి ఏడాదికి 15 వేల డాలర్ల దాకా. అయితే అది కంపెనీ ఒప్పుకున్న నమోదైన సంస్థలకే వెళ్తుంది, మీ బ్యాచ్ ట్రస్టుకి ఇప్పుడే పనికిరాదు. ముందుముందు పనికొస్తుందేమో, రాసి పెట్టుకో.

నాకైతే మీ దుబాయ్ నలుగురి మీదే ఆశ ఎక్కువ. అందరూ అమెరికా వైపే చూస్తారు గానీ ఎండలో పనిచేసి ఇంటికి పంపుకునేవాళ్లకి ఊరి మీద ఉండే పట్టు చిన్నది కాదు. వాళ్లని 10 లక్షలు అడగక్కర్లేదు, పునాది తవ్వే రోజున వీడియో కాల్ పెట్టి కొబ్బరికాయ ఎవరు కొట్టాలో వాళ్లనే అడుగు.

ప్రశ్న: మా అనాథ బాలల గృహంలో పిల్లల మొహాలు కనిపించేలా రీల్స్ చేస్తే స్పందన బాగా వస్తోంది. కొందరు తప్పంటున్నారు. నిజమేనా? (విజయనగరం)

జవాబు: తప్పే కాదు, నేరం. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, బడి, ఎవరో గుర్తుపట్టే ఏ వివరమూ బయట పెట్టకూడదు. ఆర్నెల్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ రీల్స్ తీసేయండి. చేతులు చూపించండి, పలకలు చూపించండి, వరసగా విడిచిన చెప్పులు చూపించండి. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లలో లాయర్లు, కంపెనీవాళ్లు ఉంటారు, పిల్లల మొహాలు చూడగానే పేజీ మూసేస్తారు, మీకు కారణం కూడా చెప్పరు.

ప్రశ్న: దాత కాగలరనుకున్న మనిషి ఫేస్‌బుక్, ఇన్‌స్టా తిరగేసి ఇల్లు, కారు, విదేశీ ప్రయాణాలు చూసి అంచనా వేయమని మాకు శిక్షణలో చెప్పారు. చేస్తుంటే దొంగచాటుగా కిటికీలోంచి చూస్తున్నట్టుంది. మీరేమంటారు? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: మీకు ఇబ్బందిగా అనిపించడం మంచి లక్షణం, దాన్ని పోగొట్టుకోకండి. పైగా ఆ పద్ధతి పనికిరాదు కూడా. బెంజ్ కారు పక్కన దిగిన ఫొటో నెలనెలా కట్టే ఈఎంఐకి రుజువు అవుతుందేమో గానీ ఇచ్చే గుణానికి రుజువు కాదు. నేను చూసేవి వేరే ఉంటాయి. ఇంతకుముందు ఎక్కడైనా ఇచ్చాడా, అది వేరే సంస్థల వార్షిక నివేదికల్లో దొరుకుతుంది. ఏ సంస్థ బోర్డులోనైనా కూర్చున్నాడా. ఏ కంపెనీలకి డైరెక్టర్, అది కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో బహిరంగంగానే ఉంటుంది. తన ఊరు, తన బడి గురించి తనంతట తను ఏమైనా రాసుకున్నాడా. ఇవన్నీ ఆ మనిషి పదిమందికి తెలియాలనే పెట్టినవి. పిల్లల ఫొటోలు, ఇంట్లో చావులు, ఆస్పత్రి గొడవలు, వాటి జోలికి వెళ్లకండి, వెళ్లినా రాసిపెట్టుకోకండి. ఒక చిన్న పరీక్ష చెబుతాను: మీరు రాసుకున్న కాగితం పొరపాటున ఆయన చేతిలోనే పడితే మీరు తల దించుకోవాల్సి వస్తుందా? వస్తే చింపేయండి. దాతల వివరాలు ఎక్సెల్‌లో పెట్టి కమిటీ వాట్సాప్ గ్రూప్‌లో తిప్పడం కూడా మానండి, 2023లో వ్యక్తిగత డేటా రక్షణకి చట్టమే వచ్చింది.

సంబంధం అన్నది ఎంత పొడుగ్గా ఉంటుందో చూడండి. బాపట్లలో పుట్టిన కృష్ణా చివుకుల 2024లో ఐఐటీ మద్రాసుకి 228 కోట్లు ఇచ్చారు. ఆయన అక్కడ ఎంటెక్ చేసింది 1970లో. మధ్యలో 54 ఏళ్లు. మనం పోస్టు పెట్టి సాయంత్రానికి డబ్బు రాలేదని దిగులు పడుతుంటాం!

ప్రశ్న: ఒకాయన మా గోశాలకి 3 లక్షలు ఇచ్చి ఎక్కడా పేరు రావద్దన్నారు. మా అధ్యక్షులు మాత్రం శాలువా కప్పి ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెడితే చూసి ఇంకో నలుగురు ఇస్తారని పట్టుబట్టారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. (కార్యదర్శి, రాజమహేంద్రవరం)

జవాబు: అధ్యక్షుల వారికి ఈ పేజీ చూపించండి. అయ్యా, వద్దన్నాక వద్దు.

మన గుళ్లలో ట్యూబ్‌లైట్ మీద దాత పేరు ఎర్ర పెయింటుతో ఈ చివర నుంచి ఆ చివరకి రాసి వెలుతురే రాకుండా చేస్తారు చూడండి, ఆ అలవాటు ఇప్పుడు ఫేస్‌బుక్‌కి ఎక్కింది. పేరు కోరుకునేవాళ్లు తప్పు చేసినట్టు కాదు, పేరు మీద నిలబడ్డ గొప్ప పనులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టినప్పుడు ఎల్వీ ప్రసాద్ గారి కుటుంబం బంజారాహిల్స్‌లో 5 ఎకరాలు, కోటి రూపాయలు ఇచ్చింది, ఆయన పేరు పెట్టారు, ఇవాళ ఆ పేరు చెబితే కళ్లు గుర్తొస్తాయి. కానీ వద్దన్న మనిషికి కారణం ఉంటుంది. చుట్టాలు అప్పుకి వస్తారని కావచ్చు, అన్నదమ్ముల్లో తగువు కావచ్చు, ఇంకో పది సంస్థలు ఫోన్ చేస్తాయని కావచ్చు. ఫొటో పెట్టిన రోజే ఆయన మీకు చివరి దాత అవుతాడు.

ఆయనకి కావాల్సింది వేరే ఉంది, అది ఒక్కడికే పంపండి. గడ్డి లారీ దిగుతుంటే నలభై సెకన్ల వీడియో, ఎడిటింగ్ లేకుండా, పాట లేకుండా, మీ గొంతుతో "అయ్యా, మీరిచ్చిన దాంట్లో మొదటి లోడు ఇది, బిల్లు కింద పెట్టాను" అని. మూడు నెలలకోసారి చాలు. మే 31లోపు ఆదాయపు పన్నువాళ్లకి దాతల వివరాల ఫారం 10బీడీ దాఖలు చేసి, ఆయన పన్ను సర్టిఫికెట్ ఆయన అడగకముందే పంపండి, ఇది చాలామంది ఆలస్యం చేస్తారు, రోజుకి 200 చొప్పున ఫీజు కూడా పడుతుంది. విరాళాల మీద దొరికే 80జి పన్ను మినహాయింపు కోసమే ఇచ్చి ఉంటారని మాత్రం అనుకోకండి, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపే లేదు, అయినా ఇస్తున్నారు.

ప్రశ్న: ఒక పెద్దాయన రెండుసార్లు మా వృద్ధాశ్రమానికి వచ్చి చూశారు, ఇస్తానన్నట్టే మాట్లాడారు. వాట్సాప్‌లో ప్రపోజల్ పంపాను, బ్లూ టిక్ పడి 12 రోజులైంది. జవాబు లేదు. రోజూ గుడ్‌మార్నింగ్ పెడుతున్నాను. ఇంకేం చేయాలి? (నెల్లూరు)

జవాబు: ముందు గుడ్‌మార్నింగ్‌లు ఆపండి. ఉదయాన్నే గులాబీ పువ్వుతో అప్పులవాడు గుర్తొచ్చినట్టు ఉంటుంది ఆయనకి. పన్నెండు రోజులు పెద్ద సమయం కాదు, ఇంట్లో భార్యని అడగాలి, ఆడిటర్‌ని అడగాలి, ఎక్కడో డిపాజిట్ గడువు తీరాలి. ఇంకో రెండు వారాలు ఊరుకోండి. తర్వాత ప్రపోజల్ మాట ఎత్తకుండా, ఆయన వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడారో వాళ్ల కబురు ఒకటి పంపండి, "ఆరోజు మీతో చింతపండు ధర గురించి వాదించిన పెద్దావిడ మళ్లీ మీరెప్పుడొస్తారని అడిగింది" అని. అది అబద్ధం కాకుండా చూసుకోండి, వెళ్లి నిజంగానే ఆవిణ్ని అడగండి. అప్పటికీ జవాబు రాకపోతే ఒక్క ఫోన్, పగలు పదకొండు ప్రాంతంలో, రెండే రింగులు. ఎత్తితే "ఇప్పుడు వీలు కాకపోతే ఫర్వాలేదండీ, ఆ మాట చెప్పినా చాలు" అని మీరే ముందు అనేయండి. మొహమాటానికి కాదనలేక ఫోన్ ఎత్తనివాళ్లు మనలో చాలామంది, వాళ్లకి తలుపు తీసిపెడితే ఒక్కోసారి లోపలికే వస్తారు. రాకపోతే నోట్‌బుక్కులో ఆయన పేరుండనివ్వండి, కొట్టేయకండి.